రెండో తాళం

మిట్టమధ్యాహ్నం ఆటో దిగిన సారవ్వకు తన గది తలుపు మీద రెండు తాళాలు కనిపించాయి. ఒకటి పొద్దున తాను వేసిందే. రెండోది ఇంటి యజమాని రఘుపతిది.

ఆటో వెనక సీట్లో ఆమె భర్త ముత్యం ఒరిగిపోయి ఉన్నాడు. బొగ్గు లారీల మీద టార్పాలిన్లు కప్పే కాంట్రాక్టు కూలీ. పర్మినెంటు వాళ్లకైతే క్వార్టరు ఉంటుంది. అతనికి గుండెల నిండా దుమ్ము మిగిలింది. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానలో చెప్పారు. ఇంటికే తెచ్చింది.

“అన్నా, తాళం తియ్యి. ఎండల ఉన్నడు మనిషి.”

రఘుపతి మెట్ల మీద తల వంచుకుని నిలబడ్డాడు. చెడ్డవాడేమీ కాదు. గనిలో ముప్పై ఏళ్లు చేసి, వచ్చిన డబ్బంతా ఈ ఇంట్లో పోసినవాడు. “ఏమనుకోకు చెల్లె. ఇంట్ల పానం పోతే ఆర్నెల్లు మూతవెట్టాలంటరు. పైన నా బిడ్డ జమున నిండు నెలలతోని ఉన్నది. మేమెటు పోవాలె?”

ఆ ఊళ్లో కిరాయి ఇంట్లో పిల్లల్ని కనొచ్చు, పెళ్లిళ్లు చెయ్యొచ్చు. చావాలంటే మాత్రం సొంత ఇల్లుండాలి. ఏ అగ్రిమెంటులోనూ రాయని ఈ షరతు అందరికీ తెలుసు. సారవ్వకూ తెలుసు. గది తీసుకున్న రోజు ఆమెకు చావు గుర్తు రాలేదు, అంతే.

ఆటో నడిపే బద్రుద్దీన్ ఊరుకోలేకపోయాడు. “గిట్లెట్ల అన్నా? ఖాళీ చేయించాలంటే నోటీసియ్యాలె, కోర్టుకు పోవాలె. నీ అంతట నువ్వే తాళమేస్తే నడ్వది.”

“నోటీసిస్త. తీర్పు వచ్చెదాక ఆయన ఉంటడా?” అన్నాడు రఘుపతి. అని, తన మాటకు తానే బెదిరి గొంతు తగ్గించాడు. “రోడ్డు పక్కకు టెంటు ఏపిస్త చెల్లె. మంచం, ఫ్యాను అన్నీ పెట్టిస్త. పైసల ఫికర్ నీకొద్దు.”

“బతికున్న మనిషికి టెంటు ఏస్తవానే?” అంది సారవ్వ.

ఆటోలోంచి ముత్యం గొంతు సన్నగా వినిపించింది. “టెంటుల్నే పండవెట్టు సారవ్వా. లొల్లి వద్దు.”

తన చావుకు కూడా మొహమాటపడుతున్నాడు. సారవ్వ మురుగు మోరీ పక్కనున్న రాయి తీసుకుని రఘుపతి తాళం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆమె చెయ్యి పట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

“అక్కా,” అన్నాడు వెనకనుంచి బద్రుద్దీన్. ఆ గొంతు వినగానే ఆమెకు అర్థమైంది. తిరిగి చూడలేదు.

రఘుపతి ఏడుస్తూ మెట్లు దిగాడు. “అయిపాయె చెల్లె. ఇప్పుడన్న టెంటు ఏపియ్యనియ్యి.”

“వద్దు. లోపటికే తీస్కపోత,” అంది సారవ్వ. “కిరాయి కట్టిన. నా మొగడు నా ఇంట్లనే పంటడు.”

రాయి మళ్లీ పైకెత్తింది.