డ్రైవరు దిక్కు చక్రం

ఇరవై రెండేళ్లుగా స్టీరింగ్ పడుతున్నాను. నా చేతిలో ఏ బండికీ గీత పడలేదు. ఇది గొప్పలకు చెప్పడం లేదు. సరే, గొప్పలకే చెబుతున్నాను. ఉన్న గొప్ప చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

అలాంటి నాకు రాజారావు సారు పదిమందిలో తల కొట్టేసినంత పని చేశారు. రావల్‌కోల్‌లో భూములున్న కుటుంబం ఆయనది. ఇప్పుడు ప్లాట్లు వేసి అమ్ముతున్నారు. నాలుగేళ్లుగా ఆయన కారు నేనే నడుపుతున్నాను. దసరా వెళ్లిన వారానికి, స్టీరింగ్ తిప్పితే చాలు, ముందు నుంచి టక్, టక్ అని చప్పుడు మొదలైంది. సర్వీసింగ్ వాళ్లు కింద పడుకుని చూసిన పాపాన పోలేదు. ఆక్సిల్ జాయింట్ పోయి ఉంటుంది, గుంతల్లో వేగంగా తోలితే ఇట్లాగే అవుతుంది అని సారుకు ఫోన్లో చెప్పేశారు.

మర్నాడు ఆఫీసులో బ్రోకర్లందరూ వింటుండగా సారు అందుకున్నారు.

"నాలుగేండ్ల సంది నిన్ను నమ్మితి నగేషూ. బండిని బర్బాద్ చేసినవ్. సోమవారం సంది మా సన్నీగాడు నడుపుతడు."

సన్నీ ఆయన మేనల్లుడు. రివర్సులో వాడికి ఆఫీసు గోడే కనిపించలేదు.

"ఒక్క రోజియ్యిండ్రి సార్. తప్పు నా చేతిదైతే నేనే తాళం ఇచ్చి పోత," అన్నాను.

ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతుంది. కానీ బండి పాడు చేసిన డ్రైవరన్న పేరు వస్తే, నేను ఏ గేటు ముందు నిలబడినా అది నాకంటే ముందే అక్కడికి చేరుతుంది. నా దగ్గరున్న ఆస్తి ఆ పేరొక్కటే.

కారును శామీర్‌పేటలో పద్మలత షెడ్డుకు తీసుకెళ్లాను. ఆమె మెకానిక్. నోరు దురుసు, పని నిఖార్సు. పక్కన కూర్చుని, స్టీరింగ్ చివరికంటా తిప్పి మెల్లగా చుట్లు కొట్టమంది. చప్పుడు వచ్చింది.

"ఇగ బండి ఆపు. ఇంజన్ నడవనియ్యి. ఒట్టిగ స్టీరింగ్ తిప్పు."

తిప్పాను. నిలబడ్డ బండిలోనూ టక్ మంది.

"ఆక్సిల్ గాదన్నా. గా జాయింట్ పోతే బండి కదిలితేనే మొత్తుకుంటది. నిలవడ్డప్పుడు మొత్తుకోదు."

"నేను ముందే చెప్పిన గద చెల్లె."

"ఎవలకు చెప్పినవ్? సప్పుడు జెయ్యక స్టీరింగ్ తిప్పు."

ఆమె దిగి, కుడివైపు ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, లోపలి స్ప్రింగ్ మీద అరచెయ్యి ఆనించింది. నేను తిప్పాను. చప్పుడు ఆమె చేతికి తగిలింది. జాకీ పెట్టి చక్రం విప్పి, టార్చి వేసి నన్ను పిలిచింది.

స్ప్రింగ్ చుట్ల మధ్య ఒక గుర్రపు నాడా. నల్లదారంతో కట్టి ఉంది. ఒకవైపు దారం అరిగి వదులైంది. చక్రంతో పాటు స్ప్రింగ్ తిరిగినప్పుడల్లా నాడా కొస పై చుట్టుకు కొట్టుకుంటోంది. పద్మలత దారం కోసి దాన్ని నా చేతిలో పెట్టింది. చక్రం బిగించి తిప్పి చూస్తే చప్పుడు లేదు.

"గుంతలు గాదు, గాడిదగుడ్డు గాదు. ఎవలో దిష్టికి కట్టిండ్రు. పోయి మీ సారుకు చూపియ్యి," అంది.

గెలిచానన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. దారం ముడి చూశాను. రెండు చుట్లు వేసి, లోపలికి దూర్చి లాగిన ముడి. మల్లెమొగ్గల మీద ఆ ముడిని రోజూ చూస్తాను. నా భార్య దుర్గాబాయి మేడ్చల్ బస్టాండు దగ్గర పూలు అమ్ముతుంది.

ఇంటికెళ్లి అడిగితే దాచలేదు.

"మీ సారును తీస్కొని శ్రీశైలం పోయే ముందురోజు బండి మనింటి ముందట పెట్టినవ్ గద, గప్పుడు చక్రం సందుల చెయ్యి పెట్టి కట్టిన. మీ సారు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టనియ్యడాయె. ప్లాట్లు కొనెటోళ్లు నవ్వుతరంటడు. అందుకే కనవడకుంట కట్టిన."

"నన్ను అడగాలె గద."

"అడిగితె ఏమంటవ్? నా అంత మంచిగ నడిపెటోడు లేడు, నాకేమైతది అంటవ్."

నిజమే, అలాగే అంటాను.

"మరి కుడి చక్రానికే ఎందుకు కట్టినవ్?"

"నువ్వు కూసునేది గా దిక్కే గద."

కోపమూ వచ్చింది, ప్రేమా వచ్చింది. రెండూ ఒక్కసారే వస్తే మగవాడేం చేస్తాడు? అన్నం పెట్టమన్నాను.

తింటూ ఆలోచించాను. ఏదో నట్టు వదులైందంటే సారు నమ్ముతారు. కానీ గుంతల్లో తోలితేనే నట్టు వదులైందన్న మాట మిగిలిపోతుంది. నిజం చెబితే కొరివితో తల గోక్కున్నట్టే. మా ఇంటి మనిషి ఆయన కారు మీద చెయ్యి వేసింది మరి.

పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి, ఆ బ్రోకర్ల ముందే నాడాను సారు టేబుల్ మీద పెట్టాను.

"చప్పుడు దీనిది సార్. స్ప్రింగుకు కట్టింది నా భార్య. తప్పు మా ఇంటిది. నా డ్రైవింగుది మాత్రం గాదు. ఇగ ఉంచుకుంటరో పంపిస్తరో మీ ఇష్టం."

సారు నాడాను అటూ ఇటూ తిప్పి చూశారు.

"మరి నా దిక్కు ఎందుకు కట్టలే?" అని నిష్ఠూరంగా అడిగారు.

"మిమ్మల్ని మీ ఇంటోళ్లు చూసుకుంటరు సార్. నన్ను ఆమె చూసుకుంటది."

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు నవ్వలేదు. లేచి నిలబడ్డారు.

"నిన్న గీళ్ల ముందట్నే అన్న. ఇయ్యాల గీళ్ల ముందట్నే చెప్తున్న. బండిని నగేష్ పాడు చెయ్యలే. యాప్రాల్ పోవాలె, బండి తియ్యి."

యాప్రాల్ దారి నేరుగా గేటు బయటికే. నేను మాత్రం నాలుగు అద్దాలూ దించి, స్టీరింగ్ చివరికంటా తిప్పి, ఆఫీసు ముందు ఖాళీ జాగాలో ఒక చుట్టు కొట్టాను. బ్రోకర్లందరూ అరుగు మీదికి వచ్చి చూస్తున్నారు. ఎక్కడా టక్ మనలేదు. ఒక చుట్టు చాలు. నేను మూడు కొట్టాను. వెనక సీట్లో సారు వద్దనలేదు.