తొమ్మిదో సీసా

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని మేనత్తకు ఫ్యాక్టరీలో పేరు. మేనకోడలి విషయంలో మాత్రం ఆ విద్యతో పని లేకపోయింది. ఉద్యోగంలో చేరిన ఐదు వారాల్లో ఆ పిల్ల ఆవులించని పూట లేదు మరి.

పని వినడానికి సులువే. ఇంజక్షన్ మందు నింపిన చిన్న గాజు సీసాను దీపం కింద పట్టుకుని మెల్లగా తిప్పాలి. నల్ల అట్ట ముందు ఐదు సెకన్లు, తెల్ల అట్ట ముందు ఐదు సెకన్లు చూడాలి. లోపల నలకో, నూలుపోగో, గాజు రవ్వో కనిపిస్తే ఎర్ర డబ్బాలో వేయాలి, లేకపోతే పచ్చ ట్రేలో పెట్టాలి. తర్వాత ఇంకో సీసా. దాని తర్వాత ఇంకోటి. ఒకచోట అరగంట కుదురుగా కూర్చోలేక ఇరవై రెండేళ్ళొచ్చినా ఇంట్లో పిచ్చుక అనిపించుకుంటున్న పిల్లను తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది మేనత్తే.

రెండు వారాలకోసారి పరీక్ష ఉంటుంది. వంద సీసాల ట్రేలో సూపర్‌వైజరు ఎనిమిది పాడు సీసాలు కలిపి ఇస్తాడు. వాటి అడుగున గుర్తులుంటాయి గానీ, అవి ఆయన దగ్గరున్న ప్రత్యేకమైన దీపం కిందే కనబడతాయి. అందరూ వాటిని దొంగ సీసాలంటారు. ఒక్క దొంగను వదిలినా తప్పే, ఒక్క మంచిదాన్ని తీసిపారేసినా తప్పే. మూడు పరీక్షలు తప్పితే ఇంటికి పంపేస్తారు. పిచ్చుక అప్పటికి రెండు తప్పింది. మూడోది వచ్చే శనివారం.

ఓ సాయంత్రం ఇంటికెళ్ళే బస్సులో పిచ్చుక మానేస్తానని తేల్చి చెప్పింది. కొన్నాళ్ళకు అలవాటైపోతుందనీ, ఆ తర్వాత చేతులే పని చూసుకుంటాయనీ, హాయిగా మనసులో పాటలు పాడుకోవచ్చనీ మేనత్త నచ్చజెప్పబోయింది. ఇరవై ఏళ్ళుగా కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె చెప్పే మాట అదే.

"అలవాటైపోతుందనే నా భయం అత్తా. ఇప్పుడే చేతిలో సీసా చూశానో లేదో గుర్తుండట్లేదు. అది ఎవరి ఒంట్లోకో ఎక్కే మందు కదా."

మేనత్తకు కోపం వచ్చింది. కోపం వచ్చిందంటే ఇక పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"గెలిచి మానెయ్, కాదనను. ఓడిపోయి మానేస్తానంటే మాత్రం ఊరుకోను."

ఆ రాత్రి వంటగది బల్ల దగ్గర తాడో పేడో తేల్చుకోవడానికి కూర్చుంది. ఇంట్లో ఉన్న ఖాళీ సీసాలన్నీ కడిగి, నీళ్ళు నింపి, కొన్నిట్లో నలకలు వేసి, వాటిని పట్టుకోమంది. మొదటిరోజు పిచ్చుక ఏడు ఆవులింతలు తీసి, నాలుగు దొంగల్ని వదిలేసింది. రెండో రోజు ఒళ్ళు మండి, ఈసారి తను దాస్తానంది, చేతనైతే అత్తను పట్టుకోమంది.

అక్కడి నుంచీ పిల్ల తీరే మారిపోయింది. అత్తను ఓడించాలని ఇల్లంతా గాలించింది. తువ్వాలు పోగు వేసింది, తన కనురెప్ప వెంట్రుక పీకి వేసింది, పగిలిన గ్లాసు పొడి వేసింది. నూలు పైకి తేలుతుందనీ, వెంట్రుక తాపీగా దిగుతుందనీ, గాజు రవ్వ సీసా అడుగు అంచున నక్కి కూర్చుంటుందనీ దాస్తూ దాస్తూ తనే కనిపెట్టింది. అత్త అన్నిటినీ పట్టుకునేది. పట్టుకున్నకొద్దీ పిచ్చుక ఇంకా గడుసుగా దాచేది. అన్నం చల్లారిపోతున్నా ఇద్దరికీ పట్టేది కాదు. తను ఇంత హుషారుగా సీసా చూసి ఎన్నేళ్ళయిందో అని మేనత్తకు ఆశ్చర్యం వేసింది, కాస్త సిగ్గు కూడా వేసింది.

ఫ్యాక్టరీలో కూడా పిచ్చుక ఆవులింతలు తగ్గాయి. ప్రతి సీసా చేతిలోకి తీసుకున్నప్పుడూ, నలకను తనే దాచాల్సి వస్తే ఇందులో ఎక్కడ దాస్తానా అని ఆలోచిస్తున్నానని బస్సులో చెప్పింది.

శనివారం పరీక్షలో పిచ్చుక తొమ్మిది సీసాలు పక్కన పెట్టింది.

సూపర్‌వైజరు వాటిని తన దీపం కింద చూశాడు. ఎనిమిదింటికి గుర్తులున్నాయి, తొమ్మిదోదానికి లేదు. మంచిదాన్ని తీసేశావన్నాడు. పిచ్చుక కాదంది. అందరిలోకీ పాత మనిషి కనుక ఆయన మేనత్తనే పిలిచి చూడమన్నాడు. ఆమె నల్ల అట్ట ముందు చూసింది, తెల్ల అట్ట ముందు చూసింది. ఎంత కావాలనుకున్నా లేని నలకను ఉందని ఎలా చెబుతుంది. కనబడలేదని ఒప్పుకుంది.

"తిప్పి ఆపు అత్తా. అడుగు అంచునే చూస్తూ ఉండు. ఒక్కసారే మెరుస్తుంది."

మేనత్త తిప్పి, ఆపి, అడుగు అంచునే చూసింది. మెరిసింది. వెంట్రుక కంటే సన్నటి గాజు రవ్వ.

పరీక్ష ట్రేలో కలిపే మంచి సీసాలను రోజువారీ పచ్చ ట్రేల నుంచే తీస్తారు. మేనత్త ఉందని చెప్పేలోపే, ఇవి ఏ ట్రేలోవో చూద్దామని సూపర్‌వైజరు రిజిస్టరు తిప్పాడు. తిప్పి, ఒకచోట వేలు ఆపి మేనత్త వంక చూశాడు. గత సోమవారం ట్రే. సంతకం మేనత్తది.

పిచ్చుక కూడా ఆ సంతకం చూసింది. వెంటనే, తనే పొరబడి ఉంటానని, పరీక్ష తప్పినట్టే రాసుకోమని అంది.

మేనత్తకు తల కొట్టేసినట్టయింది. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు, ఇరవై ఏళ్ళ పేరు చెక్కుచెదరదు. పోయేది పిల్ల ఉద్యోగం, అదీ మానేస్తానన్న ఉద్యోగమే. ఆమె ఆ నిమిషం కూడా ఆగలేదు.

"పిల్ల తొమ్మిదీ పట్టిందని రాయండి సార్. తొమ్మిదోది నేను వదిలేశానని కూడా రాయండి. సోమవారం నేను చూసినవి ఒక్కటీ గేటు దాటకూడదు. అన్నీ మళ్ళీ చూడాలి."

అవి రెండు వేల సీసాలు. అదృష్టం బాగుండి ఇంకా గోదాములోనే ఉన్నాయి. మళ్ళీ పరీక్ష నెగ్గేదాకా మేనత్త సీసా ముట్టకూడదని రూలు. అందుకని వాటిని పిచ్చుక, ఇంకో ఇద్దరు చూస్తుంటే ఆమె వెనక నిలబడింది. సాయంత్రానికి ఇంకో రెండు దొరికాయి. రెండోది ఎర్ర డబ్బాలో పడినప్పుడు ఆమెకు ఏడుపు ఆగలేదు. ఇంతకుముందు ఎన్ని సోమవారాల్లో ఇలాంటివి గేటు దాటిపోయాయో అనుకుంది.

కళ్ళు తుడుచుకుని, కొత్తగా చేరేవాళ్ళు నింపే కాగితం అడిగి తీసుకుని తన వివరాలు రాసింది. ఎవరి దగ్గర పని నేర్చుకుంటున్నారో రాయాల్సిన గడి దగ్గర సూపర్‌వైజరు ఇబ్బందిగా నవ్వి, అది మీకు అక్కర్లేదులే అన్నాడు. మేనత్త ఒప్పుకోలేదు. ఆ గడిలో మేనకోడలి పేరు రాసి, కింద సంతకం పెట్టింది.