హాప్ తీగ తిరిగే వైపు

బీరు సీసాల్లోకి ఎక్కి పదిహేను రోజులైంది. లేబుల్ మాత్రం ఎక్కలేదు. ఇరవై రెండేళ్ళుగా, బీరుకు చేదునిచ్చే హాప్ పువ్వులు పెరటి తీగలనుంచి కోసి, ఆరబెట్టి, బీరు కాచడం క్లిఫర్డ్ వంతు, సీసాలకు బొమ్మ గీయడం అతని భార్య బెరిల్ వంతు. కెంట్‌లోని ఆ ఊళ్ళో కోతల విందుకు ఆ బీరు రాకపోతే విందే కాదు.

పోయిన చలికాలం నుంచి బెరిల్ కుడిచెయ్యి వణుకుతోంది. ఓసారి కలం పట్టి, గీత ఎటో పోతే, రంగులపెట్టె అటకెక్కించేసింది. "ఇక గీయను, నన్నడక్కు" అంది. ఆ మహానుభావుడు నిజంగానే అడగలేదు. ఒక్కసారైనా బతిమాలకూడదూ? ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మంటకంటే దిగులే ఎక్కువ. గీయకపోతే తనింకేం చేస్తుంది, దుంపలు ఒలుచుకుంటూ కూర్చోవడం తప్ప?

గురువారం పక్కింటి నోరిస్ కంచె మీంచి తొంగి చూశాడు.

"ఏం బెరిల్, ఈ ఏడు సీసాలకు బట్టల్లేవా? ఎల్లుండే విందు. పాపం, సిగ్గుతో చచ్చిపోతాయి!"

"ముందు నీ నోటికి మూత బిగిస్తే ఊరు బాగుపడుతుంది, పో!" అంటూ ఆమె చేతిని ఏప్రన్ జేబులోకి తోసేసింది.

ఆ మధ్యాహ్నం క్లిఫర్డ్ వంటింటి బల్ల మీద కాగితం పరుచుకుని, నాలుక బయటపెట్టి, చిన్నపిల్లాడిలా గీయడం మొదలెట్టాడు. బెరిల్ చూడకూడదనుకుంది. దుంపలు ఒలుస్తూనే చూసింది. చూసి, కత్తి కింద పడేసింది.

"ఏమిటయ్యా ఇది?"

"హాప్ తీగ."

"నీ మొహం! హాప్ తీగ తాడుకు ప్రదక్షిణం చేస్తూ పైకెక్కుతుంది. నువ్వు గీసింది అప్రదక్షిణం! ఇది హాప్ కాదు, కంచె మీద పాకే కలుపుతీగ."

"ఎటు తిరిగితేనేం? తాగేవాడికి తెలుస్తుందా?"

"నోరిస్‌కు తెలుస్తుంది. వచ్చే కోతలదాకా ఊరంతా నవ్విస్తాడు. పన్నెండేళ్ళ వయసునుంచి హాప్ తోటల్లో తీగలు చుట్టినదాన్ని, నా ఇంట్లో ఇదా? లే అవతలికి!"

కలం లాక్కుంది. అతను చటుక్కున లేచి, కాగితం కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి వణికింది. ఆకు అంచు పళ్ళుపళ్ళుగా వచ్చింది. ఆమె వంగి పరీక్షగా చూసింది. హాప్ ఆకు అంచు ఉండేదే అలా. ఇంకో ఆకు గీసింది. ఆ తర్వాత పువ్వు. పొద్దు వాలేసరికి బొమ్మ పూర్తయింది. నిరుటిలాంటిది కాదు, కానీ హాప్ తీగే.

శుక్రవారం పొద్దున్న క్లిఫర్డ్ ఊళ్ళోకెళ్ళి నకళ్ళు తీయించుకొచ్చాడు. ఆమె ఎడమచేత్తో కుంచె పట్టి లేబుళ్ళ వెనక పాలు పూస్తుంటే, అతను సీసాలకు అతికిస్తూ కూర్చున్నాడు. పాలతో అంటిస్తే, ఖాళీ సీసా నీళ్ళలో వేయగానే కాగితం ఊడి వచ్చేస్తుంది.

బెరిల్ యథాలాపంగా కిటికీలోంచి పెరట్లోకి చూసింది. ఎండిన తీగలు ఇంకా తాళ్ళనే పట్టుకుని ఉన్నాయి. ఎనిమిది తాళ్ళు. మే నెలలో తను గడపలో కూర్చుంటే, వాటిని ఒక్కొక్కటే చుట్టింది క్లిఫర్డే. ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పు వైపు తిరగలేదు.

ఆమె చేతిలో కుంచె ఆగిపోయింది.

"క్లిఫ్, తీగ ఎటు తిరుగుతుందో నీకు తెలీదూ?"

అతను తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఇంకో సీసా ఇటివ్వు."

"దొంగముఖమా!" అంది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు. పొద్దుటినుంచి ఏప్రన్ జేబులో దాచుకున్న కుడిచెయ్యి బయటికి తీసి, దాంతోనే సీసా అందించింది. సీసా బల్లకు తగిలి టకటకలాడింది. అతను సీసానూ, ఆ చేతినీ కలిపి పట్టుకున్నాడు.