గోదాం నుంచి వచ్చిన గొంతు

నాగులమ్మ గొంతుకు ఆపరేషనై ఆర్నెల్లు నిండాయి. గడ్డతోపాటు మాటనూ తీసేశారు డాక్టర్లు. మనిషి దక్కింది, అదే చాలనుకున్నాడు ఇస్రాయేలు. కానీ మాట పోయిన ఇంట్లో మొగుడూ పెళ్లాం ఎట్లా మెలగాలో ఏ దవాఖానా చెప్పి పంపదు.

నాగులమ్మ క్రైస్తవ మిషను హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివింది. ఇస్రాయేలుది మూడు తరగతుల చదువు. బర్రెల కాడ జీతానికి కుదిరినాక అందులో సగం వాటి వెంటే పోయింది. కూడబలుక్కుని ఒక్క వరుస చదివేలోపు పొయ్యి మీది పాలు పొంగిపోతాయి. అందుకని ఆమె పలక మీద రాయడం, పక్కింటి కౌసల్య వచ్చి చదివి వినిపించడం అలవాటైంది.

"మామా, నీ బనీను వాసనొస్తాందట. ఇప్పి పడేయమంటాంది అత్త."

"ఊఁ."

"ఇంకోటి గూడ రాసింది. పొద్దుగాల చాయల చక్కెర దొంగతనంగ ఏసుకున్నవట. షుగరున్న సంగతి యాది మర్చినవా అంటాంది."

"ఊఁ."

కౌసల్య మనసు మంచిదే. కాకపోతే చదివిన ప్రతి ముక్కా సాయంత్రానికి బోరింగు కాడికి చేరేది. చేరితే చేరనీ అనుకునేవాడు ఇస్రాయేలు. బనీను సంగతి వాడకంతా తెలిస్తే పోయేదేముంది?

ఒకనాడు మాత్రం నాగులమ్మ పలక నిండా ఏదో రాసి, కౌసల్య అడుగుల చప్పుడు వినగానే చెంగుతో తుడిచేసింది. రెండు రోజులకు మళ్లీ అదే పని. మూడోసారి తుడుస్తూ ఆమె తన వంక చూసిన చూపు ఇస్రాయేలుకు అర్థమైంది. తనకేదో చెప్పాలని చూస్తోంది. మూడో మనిషి నోట పడకూడని మాట. అది తన దాకా రాకుండానే చెంగులో కలిసిపోతోంది.

బిడ్డ భాగ్యశ్రీ చౌటుప్పల్లో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. ఆ మధ్యాహ్నం ఇస్రాయేలు ఆమెకు ఫోన్ చేశాడు. తనంతట తాను బిడ్డకు ఫోన్ చేయడం అదే మొదలు.

"రాసింది చదివి వినిపించే మిషను ఏమన్న ఉంటదా బిడ్డ?"

ఆదివారం భాగ్యశ్రీ ఒక పాత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. "విండోసు మోయలేక మూలుగుతాందని ఆఫీసుల పక్కకు పడేసిన్రు. నేను దాని బదులు లినక్స్ ఎక్కించిన" అంది. తల్లి కోసం మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు కూడా అంటించింది. చదివే సాఫ్టువేరు మాత్రం ఇంకా వేయలేదు. శుక్రవారం సెలవుంది, ఫోన్లో చెప్తూ వేయిస్తానని చెప్పి బస్సెక్కింది.

శుక్రవారం దాకా ఆగలేకపోయాడు ఇస్రాయేలు. తెల్లారే తిరుమలగిరి పోయి, ఒక నెట్టు దుకాణంలో "తెలుగు చదివేది" అని అడిగి పెన్‌డ్రైవులో వేయించుకొచ్చాడు. ఎన్నిసార్లు నొక్కినా ఆ ఫైలు తెరుచుకోలేదు. శుక్రవారం బిడ్డతో తిట్లు తిన్నాడు.

"గది విండోసుది బాపు, దీంట్ల నడవది. అయినా ఎవలు చేసిన్రో తెల్వనిది తెచ్చుకుంటరా? పత్తిగింజలు లూజుగ అమ్మెటోని కాడ కొంటవా నువ్వు?"

"కొన."

"ఎందుకు కొనవు?"

"మొలవయి."

"గిదీ గంతే. లినక్సుకు సొంత గోదాములున్నయి. అండ్ల ప్రతిదీ సరిచూసి, ముద్రేసి పెడ్తరు. మనం పేరు చెప్తే చాలు, దానికి కావల్సిన సామాన్లతోని సహా తెచ్చి పెడ్తది. పైస అడగరు."

"అడగకపోతే ఎందుకిస్తరు?"

"చాతనైనోళ్లు చేసి పెట్టిన్రు. అందరు వాడుకోవాలని."

"మంచోళ్లే" అన్నాడు.

నెట్టు కోసం కౌసల్య తన ఫోను కిటికీలో పెట్టి, తానూ కూర్చోబోయింది. "నీకు పనున్నట్టుంది, పో బిడ్డ" అని పంపేశాడు. నాగులమ్మ మంచం మీద ల్యాప్‌టాప్ ముందు, అతను పక్కన పీట మీద. ఫోన్ అతని చెవికి, మీటలు ఆమె వేళ్లకు. భాగ్యశ్రీ చెప్పిన ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే, పెళ్లినాడు పాస్టరు చెప్పిన ప్రమాణాన్ని తిరిగి పలికినంత భద్రంగా అతను పలికితే, ఆమె కొట్టింది.

ముందు గోదాంలో వెతకమంది భాగ్యశ్రీ. వెతికితే పనికొచ్చేదేదీ రాలేదు.

"లేదంటాంది బిడ్డ." అన్నాడు అతను ఫోన్లో.

"ఫికరు చెయ్యకు. గోదాంల ఏమేమున్నయో రాసిన చిట్టా మన కాడ పాతది. ముందు కొత్త చిట్టా తెప్పించాలె."

దానికి పాస్‌వర్డ్ అడిగింది. నాగులమ్మ కొట్టింది. తెర మీద చుక్క కూడా పడలేదు. మీటలు పాడయ్యాయనుకుని ఇస్రాయేలు ఆమెతో అదే మళ్లీ కొట్టించాడు. తప్పన్నది.

"కనపడదు బాపు. పక్కనున్నోళ్లు చూడకుండ అది దాసుకుంటది. ఒక్కసారే కొట్టమను."

ఈసారి చిట్టా దిగింది. మళ్లీ వెతికితే జల్లెడలోంచి జొన్నలు రాలినట్టు వరుసలు రాలాయి. భాగ్యశ్రీ పేరు చెప్పింది, ఈస్పీక్. ఆ వరుస మీద నాగులమ్మ వేలు ఆగింది. తెమ్మని కొట్టారు. మిషను ఆగి ఏదో అడిగింది.

"ఎక్కియ్యన్నా వద్దా అని అడుగుతాంది" అంది భాగ్యశ్రీ.

ఇస్రాయేలు ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. "ఎక్కియ్యి" అన్నాడు దానితో.

నాగులమ్మ భుజాలు కదిలాయి. చప్పుడు లేకపోయినా అది నవ్వేనని అతనికి తెలుసు. నవ్వుతూనే ఆమె అవునని వై మీట నొక్కింది.

అంతా సర్దుకున్నాక ఆమె మొదట కొట్టిన మాట "తిన్నవా". తెర మీద ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదురుగా పడ్డాయి గానీ, మిషను దాన్ని బరువుగా, మగగొంతుతో పలికింది.

ఇస్రాయేలు ఉలిక్కిపడ్డాడు. "గీ మొగోడెవడు?"

అవతల భాగ్యశ్రీ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆడగొంతుకు ఇంకో రెండు అక్షరాలు చేర్చాలని చెప్పింది. చేర్చారు. ఈసారి వచ్చింది సన్నగా, రేకుడబ్బాలో గింజలు ఆడించినట్టుంది. నాగులమ్మది ఇలాంటి గొంతు కాదు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే బయట రోడ్డు మీద పోయేవాళ్లు ఆగేవాళ్లు. గొంతు ఎవరిదైతేనేం, మాట ఆమెదే.

"ఇగ పెట్టేస్త బాపు. మీరిద్దరు మాట్లాడుకోన్రి."

నాగులమ్మ చాలాసేపు కొట్టింది. మధ్యలో చెరిపింది, మళ్లీ కొట్టింది. ఇస్రాయేలు తెర వైపు చూడలేదు, ఆమె వేళ్లనే చూశాడు. ఆఖరి మీట నొక్కింది.

"ఆపరేషను మర్నాడు నేను నిద్రవోయిననుకొని నా కాళ్లు పట్టుకొని ఏడ్చినవు. నేను మేలుకొనే ఉన్న."

ఇస్రాయేలు తల వంచుకున్నాడు. "ఊఁ" అన్నాడు.

మీటలు చకచకా కదిలాయి. "ఊఁ అనకు. ఎందుకేడ్చినవో చెప్పు. ఆర్నెల్ల సంది అడుగుదామని చూస్తున్న."

చెప్పకుండా తప్పించుకునే దారి లేకపోయింది. ఇంట్లో ఇద్దరే ఉన్నారు.

"డాక్టరు నన్ను పక్కకు పిలిచిండు" అన్నాడు. "పానం దక్కుతది గని మాట దక్కదన్నడు. సంతకం పెట్టమన్నడు. అప్పటికే నీకు మత్తిచ్చిన్రు. నిన్ను అడగకుండనే పెట్టిన. గంత మంచి గొంతు. నాదైతే కాదు గద, ఇయ్యనీకి."

నాగులమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది.

"నేనైనా నీకు గట్లనే పెడుదును. నీ మాట పోతే పొయ్యేదేముంది, ఎట్లగూ మాట్లాడవాయె."

ఇస్రాయేలు నవ్వాడు. కండువాతో కళ్లు తుడుచుకుని, పీట మంచం దగ్గరికి జరుపుకున్నాడు. డాక్టరు ఇచ్చిన పెన్ను వేళ్లలో నిలవక రెండుసార్లు కింద పడిందని, సంతకంలో తన పేరే వంకర పోయిందని, ఆ దినం సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. నాగులమ్మ మీటల మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చుంది.