తడి మిరపకాయల జల్లెడ

"ఏమే, ఆ జల్లెడ మధ్యలో ఆగితే చెయ్యి పెడతావు, వేళ్లు నలిగిపోతాయే!" అంది హైమావతి, ఇంకా స్విచ్చి వేయకముందే.

కూతురు భవిత మిరపకాయల జల్లెడకు, దాన్ని ముందుకూ వెనక్కూ ఊపే క్రాంకు బిగించి, ఆ క్రాంకును తిప్పేందుకు మోటారుకు ఎంత టార్కు, అంటే తిప్పే బలం, కావాలో లెక్కగట్టింది.

"ఏం కాదులేమ్మా. ఎండుకాయలు తూచే లెక్కేశా."

"ఎండుకాయలేందే? విరక్కుండా పొద్దున్నే నీళ్లు చల్లాగా! తడికి కరెంటు కొట్టదూ?"

భవిత స్విచ్చి మీది చెయ్యి తీసేసింది. గుప్పెడు కాయలు తీసి అరచేతిలో బరువు చూసింది. ఫోన్‌లో మళ్లీ లెక్క మొదలుపెట్టింది.

హైమావతికి కాలు నిలవలేదు. జల్లెడ చుట్టూ తిరిగింది. చెప్పులు తెచ్చి కూతురి కాళ్ల దగ్గర పడేసింది. "మాట్లాడవేందే? నా గుండె ఆగేట్టుంది."

లెక్క తేలాక భవిత తలెత్తింది.

"తడికాయ బరువుకి జల్లెడ సగం దారిలోనే ఆగిపోద్దమ్మా. ఈ మోటారు చాలదు. ఇయ్యాల నడపను."