రిగ్మోర్ రాసిన పెళ్ళిపాట

ఫ్యూన్ దీవిలో పాట లేని పెళ్ళిని ఎవరూ పెళ్ళికింద జమకట్టరు. ఆ కుటుంబంలో ఎవరి పెళ్ళయినా పాట రాసేది రిగ్మోరే. అందరికీ నోటికొచ్చిన బాణీ ఒకటి పట్టుకుని, పెళ్ళికూతురి చిన్ననాటి అల్లరంతా అందులో పెట్టి, అచ్చేయించి, ప్రతి పళ్ళెం పక్కనా ఒక కాగితం ఉంచేది. మనుషుల్ని ఉడికించడంలో ఆమెది అందెవేసిన చేయి. ఆ సంగతి ఆమెకూ కాస్త ఎక్కువగానే తెలుసు.

చెల్లెలు అస్తా కూతురు థీరా పెళ్ళికైతే మూడు వారాలు కూర్చుని పదకొండు చరణాలు రాసింది. రిగ్మోర్ పెళ్ళి చేసుకోలేదు. ఆమెకి పిల్లలంటే థీరా ఒక్కతే.

భోజనాల మధ్యలో ఎనభై మంది కాగితాలు పట్టుకుని గొంతెత్తారు. ఆరు చరణాలదాకా నవ్వులే నవ్వులు. ఏడోది, రాజకుమారుడి పెళ్ళి టీవీలో చూపించిన రోజున ఆరేళ్ళ థీరా చేసిన పని గురించి.

కిటికీ తెర ముసుగేసి, కుర్చీ ఎక్కి నిలబడి,
రాజుగారి బండి కోసం రోజంతా చూసింది!

జనం పగలబడి నవ్వారు. పెళ్ళికొడుకు బల్ల చరిచాడు. థీరా మాత్రం పాడటం ఆపేసి కాగితంవైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ ముఖం చూశాక గాని రిగ్మోర్‌కి గుర్తు రాలేదు. ఇన్నేళ్ళూ ముసుగులోని ముద్దు మొహాన్నే దాచుకుని, మిగతాదంతా హాయిగా మరిచిపోయింది. ఆ పొద్దున్నే థీరా తండ్రి పెట్టె సర్దుకుని ఇల్లు వదిలిపోయాడు. అస్తా మంచం దిగలేదు. "నాన్నేడి, నాన్నేడి" అని పిల్ల ప్రాణం తీస్తుంటే, "రాజుగారింట్లో పెళ్ళికెళ్ళాడమ్మా, ఆ బండిలోనే వచ్చేస్తాడు, చూస్తూ ఉండు" అని కుర్చీ ఎక్కించింది తనే. తెర కప్పిందీ తనే. తర్వాత టీవీ ముందు కూర్చుని కాఫీ తాగింది.

సిగ్గుతో రిగ్మోర్ ఒళ్ళంతా మండిపోయింది. ఆపమందామంటే, మొదలెట్టిన పాటని మధ్యలో ఆపడం అక్కడ ఎవరూ ఎరగరు. ఆపితే ఎందుకని అడుగుతారు, అస్తా ఎదురుగానే ఉంది. మిగిలిన నాలుగు చరణాలూ అందరితోపాటు తనూ పాడింది. పాట అయ్యాక జనం లేచి మూడుసార్లు జేజేలు కొట్టారు. "రాసినావిడ ఏదీ? లేవాలి, లేవాలి!" అని ఎవరో కేక పెట్టారు. లేచింది. నవ్వింది కూడా. అలా నవ్వినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

కాఫీల వేళకి థీరా వచ్చి పక్కన కూర్చుంది.

"పాట బాగుంది పెద్దమ్మా. అందరూ తెగ నవ్వారు."

"ఆ చరణం... నాకు నిజంగా గుర్తులేదే తల్లీ. పాడుతుంటే గుర్తొచ్చింది."

"తెలుసు. కావాలని రాసే మనిషివి కాదు నువ్వు."

"మీ అమ్మకి తెలుసా, నేనలా చెప్పానని?"

"నేనెప్పుడూ చెప్పలేదు." థీరా కాసేపు కప్పుని అటూ ఇటూ తిప్పింది. "ఆ రోజు నేను ఒక్కసారి బాత్రూమ్‌కని దిగాను. ఆ కాస్తలోనే బండి వెళ్ళిపోయిందనుకున్నా. నేను దిగబట్టే నాన్న రాలేదని, పదేళ్ళొచ్చేదాకా అదే అనుకున్నా."

పదకొండు చరణాలు రాసిన మనిషి ఒక్క ముక్క కోసం తడుముకుంది.

"క్షమించవే."

థీరా ఆమె చేయి పట్టుకుంది. ఫరవాలేదని మాత్రం అనలేదు.