ఏడో గడి

మునేరు పొంగి మా కల్లంలోకి వచ్చి, నీళ్ళు తీశాక కందిచేలో చేపలు దొరికిన ఏడు అది. చైనావాళ్ళతో యుద్ధం అంతకు ముందు సంవత్సరం ఆగింది. ఇంగ్లీషు లెక్కలో అరవై మూడు అంటుంది మా ఆవిడ. నాకు వరద లెక్కే గుర్తు.

మా ఊరు నందిగామకు మూడు మైళ్ళు. ఇంట్లో నలుగురం. మా అమ్మ బసవమ్మ, నేను, మా ఆవిడ సీతారావమ్మ, నా తమ్ముడు జగన్నాథరావు. తమ్ముడు బెజవాడలో బి.ఏ. పాసై రెండేళ్ళుగా మంచం మీద ఉన్నాడు. జబ్బేమీ లేదు, ఉద్యోగం రాలేదు. నేను మూడో తరగతితో ఆపాను. సీతారావమ్మది జగ్గయ్యపేట. ఎంతవరకు చదివిందో పెళ్ళిలో చెప్పారు గాని నేను వినిపించుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె రోట్లో గోంగూర నూరుతుంటే జగన్నాథరావు పేపరు పట్టుకుని వచ్చాడు. మిలిటరీలో ఇంటెలిజెన్సు ఆఫీసర్లు కావాలట. శత్రువు సంగతులు కనిపెట్టే పని. "వదినా, చేతులు కడుక్కుని రా, రాసే పనుంది" అన్నాడు. వాడి దస్తూరీ వాడికే అర్థం కాదు. పుట్టినరోజులూ తద్దినాలూ ఆమెకే గుర్తుంటాయి. అందుకని మా ఇంట్లో ఏ కాగితమైనా ఆమె రాసేది, మేం సంతకం పెట్టేవాళ్ళం.

తెప్పించిన ఫారంలో ఏడు గడులున్నాయి. ఆరింట్లో పేరూ ఊరూ చదువూ. ఏడో గడి, గత పదేళ్ళలో చేసిన పనులు, వాటివల్ల వచ్చిన అనుభవం. చోటు చాలకపోతే ఏ భాషలోనైనా విడిగా కాగితం రాసి జత చేయవచ్చు. మావాడు ఆ పదేళ్ళలో చదువుకోవడానికి వెళ్ళాడు, వచ్చాడు. దాన్ని ఆమె ఎనిమిది వరసలు చేసింది. అది కాక, తానుండే ప్రాంతం గురించి రెండు పేజీల రిపోర్టు పంపాలి, దారులు, నీళ్ళు, మనుషులు. వాడు "మా గ్రామము ప్రకృతి మాత ఒడిలో" అని మొదలుపెట్టాడు. సీతారావమ్మ చదివి, కాగితం తిప్పి వెనక వైపు రాసింది. మునేట్లో ఏ నెలలో ఏ రేవున బండి దాటుతుంది, ఏ రేవున మనిషి మాత్రమే దాటతాడు, ఏ బావి మంచినీళ్ళు ఎండల్లో ఎన్ని కడవలు ఊరతాయి, వేదాద్రి తిరునాళ్ళకు ఏ దారిన ఎన్ని బళ్ళు పోతాయి, ఎవరింటికి కొత్త మనుషులు వస్తారు, వచ్చి ఎన్నాళ్ళుంటారు. ఆ రేవుల్లో రెండు నాకు తెలియవు. నేను ఇరవై ఏళ్ళుగా ఆ ఏట్లో బండి తోలుతున్నాను.

"ఇవన్నీ నీకెట్లా తెలుసు వదినా?"

"బట్టలుతకడానికి ఏటికి పోయేది ఎవరు అబ్బాయ్?" అంది.

ఇది రహస్యంగా ఉండాల్సిన ఉద్యోగమని తమ్ముడు మా అమ్మతో ఒట్టు వేయించుకున్నాడు. మా అమ్మ పక్కింటి రత్తమ్మకు ఒక్కదానికే చెప్పింది, అదీ ఒట్టు వేయించుకుని. సాయంత్రానికి మంగలి శాంతయ్య గడ్డం గీస్తూ, మీ తమ్ముడు ఏ దేశం మీదికి పోతున్నాడని నన్నడిగాడు. మావాడు జగ్గయ్యపేట వెళ్ళి నల్లకళ్ళద్దాలు కొనుక్కొచ్చాడు. అభ్యాసం కోసమని జనం వెనక పది అడుగుల దూరంలో నడిచేవాడు. వాళ్ళు వెనక్కి తిరిగి, పక్కకు వచ్చి నడవమనీ, కబుర్లు చెప్పుకుంటూ పోదామనీ పిలిచేవాళ్ళు.

ఫారం, రిపోర్టు పోస్టులో వేసిన నెల తరవాత గేదెలు కొనడానికి ఒకాయన వచ్చాడు. తలపాగా, నుదుట విబూది. అరుగు మీద కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడాం. మంచి మనిషి. మాకెంత పొలముందో, ఎవరితో తగాదాలున్నాయో, తమ్ముడు ఎంత తెలివైనవాడో అన్నీ ఓపిగ్గా విన్నాడు. సీతారావమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మేం చెప్పిన ధరకే మా చారగేదెను ఖాయం చేసుకుని, డబ్బుతో మళ్ళీ వస్తానని వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే ఆమె ఏదో చెప్పబోయింది. మేం మగవాళ్ళం బేరం గురించి సంతోషపడుతున్నాం. "నీకేం తెలుసు, మంచినీళ్ళు పట్రా" అన్నాను.

మూడో రోజున మిలిటరీవాళ్ళ తరఫున ఎంక్వయిరీకి వరప్రసాదరావు అనే ఆయన వచ్చాడు. ప్యాంటు, టోపీ, చంకలో ఫైలు. మా అమ్మ కొత్త దుప్పటి పరిపించింది. తమ్ముడు ఇంట్లో కూడా కళ్ళద్దాలు తీయలేదు. ఆయన ఫైలు విప్పి ఒకటొకటే అడిగాడు. మీ తండ్రి పోయింది ఏ సంవత్సరం? నేను తమ్ముడి వైపు చూశాను, వాడు అమ్మ వైపు చూశాడు, అమ్మ వంటింటి తలుపు వైపు చూసింది. కొత్తవాళ్ళు పనిమీద వచ్చి కూర్చుంటే కోడళ్ళు తలుపు చాటునుంచే మాట్లాడటం మా ఇళ్ళలో అలవాటు. తలుపు వెనకనుంచి సంవత్సరం, నెల, తిథి వచ్చాయి. తమ్ముడు ఏ హాస్టల్లో ఉన్నాడు, పొలం సర్వే నంబరెంత, మేనమామలెందరు, అన్నిటికీ మా చూపులు అదే వరసలో తిరిగి అదే తలుపు దగ్గర ఆగాయి. చివరికి ఆయన మమ్మల్ని వదిలేసి తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇంట్లోవాళ్ళ చదువులు రాసుకుంటూ, "మీ భార్య ఎంతవరకు చదివారు?" అని నన్నడిగాడు. ఇదొక్కటీ నేనే చెప్పాలి. ఎనిమిది అన్నాను.

"ఎస్.ఎస్.ఎల్.సి. అండి. జగ్గయ్యపేటలో పాసయ్యా" అంది తలుపు.

మా పెళ్ళయి పన్నెండేళ్ళు. ఆయన ఎనిమిది కొట్టేశాడు.

తరవాత తమ్ముణ్ణి అడిగాడు, కార్తీకంలో బండి మునేరు దాటాలంటే ఎక్కడ దాటాలని. వాడు ఆలోచించి, "బ్రిడ్జి మీదండి" అన్నాడు. ఆయన రిపోర్టు బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టి, ఇది నువ్వు రాసింది కాదన్నాడు. తమ్ముడు కళ్ళద్దాలు తీశాడు.

"రాసింది నేనండి" అంది సీతారావమ్మ. "మొన్న గేదెల కోసం వచ్చింది మీరే కదండీ."

నేను ఆయన మొహం చూశాను. విబూది లేదు, తలపాగా లేదు. ముక్కు మాత్రం అదే. గంటసేపు ఆ ముక్కుకు ఎదురుగా కూర్చున్నాను.

ఆయన ఫైలు పక్కన పెట్టి నవ్వాడు. "ఎట్లా పట్టుకున్నావమ్మా?"

"పొదుగు చూడలేదు. రెండు పూటలు పాలు పిండి చూపించమనలేదు. వీళ్ళు చెప్పిన ధరకు ఒప్పుకున్నారు. గేదెను కొనేవాడెవడూ అట్లా ఒప్పుకోడండి. ఇంకోటి, మజ్జిగ ఇస్తే లేచి నిలబడి అందుకున్నారు. మా ఊళ్ళో మగాళ్ళెవరూ ఆడదాని చేతి గ్లాసును లేచి అందుకోరు."

అందరూ నా వైపు చూశారు. నేను కొత్త దుప్పటి చూశాను.

నీలాంటివాళ్ళు మాకు కావాలమ్మా అని ఆయన మర్యాదకు అన్నాడు. అట్లాంటి మాటలకు మా ఇళ్ళలో లోపల ఒక నవ్వు వినిపించి ఊరుకోవాలి. నవ్వు వినిపించలేదు. తలుపు తెరుచుకుంది. ఆమె చేతికి పిండి ఉంది, తుడుచుకోకుండానే వచ్చింది.

"అయితే ఒక ఫారం ఇవ్వండి."

"ఆడవాళ్ళను తీసుకోరమ్మా."

"నోటీసులో ఆ మాట లేదండి. నాలుగుసార్లు చదివా."

ఆయన నోటీసు తీసి మొదటినుంచి చదివాడు. వెనక వైపు కూడా చూశాడు. "లేదు" అన్నాడు. "రాయాల్సి వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు." ఫైలులోంచి ఒక ఫారం తీసి ఆమెకు ఇచ్చాడు. రిపోర్టు తన దగ్గరే ఉంది, మళ్ళీ రాయనక్కర్లేదన్నాడు. గడువు దగ్గరికొచ్చింది, రేపు పోస్టులో వేస్తేనే అందుతుంది. పెళ్ళయిన మనిషి కాబట్టి భర్త సంతకం కావాలి. తీసుకుంటారని చెప్పలేను గాని, పంపితే జవాబు రాయక తప్పదని చెప్పి వెళ్ళాడు. వెళ్ళేముందు, గేదెను మాత్రం కొననని నాతో విడిగా అన్నాడు.

తలుపు వెనక నిలబడి ఏమనుకున్నదో సీతారావమ్మ నాకు చాలా ఏళ్ళ తరవాత చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"మొదట నవ్వొచ్చింది. మీరు ముగ్గురూ వరసగా తలలు తిప్పుతుంటే గూట్లో పిచ్చుకల్లా ఉన్నారు. తరవాత కోపమొచ్చింది. ఆ తలుపు చెక్కలో ఎన్ని కణుపులున్నాయో నాకు తెలుసు. పన్నెండేళ్ళు ఊరి సంగతులన్నీ దాని వెనకనుంచే విన్నా. పొలాల తగాదాలు, పెళ్ళిళ్ళ బేరాలు, ఎవడు ఎవణ్ణి ముంచాలనుకుంటున్నాడో అదీ. నేను మజ్జిగ తెచ్చినా ఎవరూ మాట ఆపలేదు, గొంతు తగ్గించలేదు. రోలుందని గొంతు తగ్గించుకుంటామా, అట్లా. అది నాకు అవమానమనుకున్నా ఇన్నాళ్ళూ. ఒక గదిలో ఉండీ లేనట్టు ఉండి అన్నీ వినడానికి సర్కారువాళ్ళు జీతమిస్తారని పేపర్లో చూస్తే కడుపు మండిపోయింది. నేను కాపురానికొచ్చిన నాడు అత్తయ్య రత్తమ్మతో అంది, చదువుకున్న పిల్ల, చెయ్యి నెమ్మదని. అప్పుడు నా చేతిలో నాలుగు పనులున్నయ్. మీరు 'నీకేం తెలుసు' అనేవాళ్ళు. కోపంగా అనలేదు. ఈగను తోలినట్టు అన్నారు, తలెత్తకుండా. ఉద్యోగమొస్తుందని నేననుకోలేదు. కాదని ఎవరో ఒకరు కాగితం మీద రాయాలి, దానికింద సంతకం పెట్టాలి, అంతే అనుకున్నా. ఇంట్లో నన్ను కాదనడానికి కాగితం కూడా అక్కర్లేదు కదా."

ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవేమీ కాలేదు. మా అమ్మ బాధ వేరే. చారగేదె కోడలి చేతికి తప్ప పాలు చేపదు. మిలిటరీవాళ్ళు గేదెను కూడా రానిస్తారేమో కనుక్కోమంది. తమ్ముడు వంటింటి గుమ్మంలో నిలబడి, ఇద్దరం ఒకే పోస్టుకు రాస్తే బాగుంటుందా వదినా అన్నాడు. "నీ ఫారానికి నేను అడ్డం రాలా. నీ గడులు బానే నింపాగా" అంది. వాడు వెళ్ళి మళ్ళీ మంచమెక్కాడు.

సందె వేళ ఆమె ఫారం తెచ్చి నా మంచం మీద పెట్టింది. ఆరు గడులు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉన్నాయి. ఏడోది ఖాళీ. పక్కన అడ్రసు రాసి, బిళ్ళలంటించిన కవరు.

మా అమ్మ తొంగిచూసి, అక్కడ ఏమీ లేదని రాయమంది. కాదంటే ఇంటిపని అని రాయమను, చిన్నమాట, చోటు సరిపోతుందంది.

"అందులో ఏం రాయాలో నాకు తెలుసు" అంది సీతారావమ్మ నాతో. "మీకు తెలుసో లేదో చూద్దామని ఉంచా. మీరే రాయండి. రాయడానికి ఏమీ కనపడకపోతే సంతకం కూడా పెట్టొద్దు. నేనడగను."

నేను ఆలోచించాను. ఇంటిపని అన్నమాటే వచ్చింది. దాని తరవాత ఏం రాయాలో తెలియలేదు.

మర్నాడు కోడి కూయకముందే లేచాను. వెన్నెల ఉంది. తమ్ముడి నోటుపుస్తకంలోంచి పెద్ద కాగితం ఒకటి చింపి, పెన్సిలు తీసుకుని గడ్డివాము వెనక కూర్చున్నాను. కాగితం పైన ఆమె పేరు రాశాను. ఆమె అప్పటికే లేచి ఉంది. పేడ ఎత్తింది. అది రాశాను. కసువు ఊడ్చింది. కళ్ళాపి చల్లింది. తౌడు కలిపింది. కడవ తీసుకుని బావికి పోయింది, నాలుగుసార్లు. నాలుగోసారి కడవ నడుం మీద ఉండగానే మా అమ్మ పిలిస్తే, దించకుండానే వెళ్ళి ఆమెకు చెంబు అందించి వచ్చింది. దూడను విప్పింది. చారగేదె మెడ గోకుతూ ఏదో చెప్పింది, అది చేపింది. నేను ఒకటి రాసేలోపు ఆమె రెండు చేస్తోంది. నా చేతికి తిమ్మిరెక్కింది.

పాలు పిండుతూ, వెనక్కి తిరగకుండానే, "అక్కడ మంచు పడుతుంది, కంబళి కప్పుకోండి" అంది.

అదీ రాశాను.

కాగితం రెండు వైపులా నిండింది. ఆమె ఇంకా పొయ్యి అంటించలేదు. ఏడో గడిలో "జత చేసిన కాగితం చూడగలరు" అని రాసి, కింద సంతకం పెట్టి, రెండూ కవర్లో పెట్టుకుని నందిగామకు నడిచాను. పోస్టాఫీసు ఇంకా తెరవలేదు. మెట్ల మీద కూర్చున్నాక, వదిలేసినవి గుర్తు రావడం మొదలైంది. కాగితం బయటికి తీసి అంచుల్లో రాశాను. పోస్టువాళ్ళు వచ్చి తాళం తీసేసరికి అంచులు కూడా అయిపోయాయి.